బంగళా తోటలో ముళ్ళకాయల చెట్టు

పట్టునూలు బేరమునకై గడచిన కార్తీకమాసములో కోలారు జిల్లాకు పోయి, ఒక పూట బంగారు గనుల పట్టణములో ఆగినాము. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు చేపట్టిన ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. గనుల అధికారులు కాపురమున్న పాత బంగళాలు కొన్ని తోటలతో సహా నేటికిని ఉన్నవి.

అట్టి ఒక తోటలో మనిషికి రెట్టింపు ఎత్తున గుబురు చెట్టొకటి కనబడినది. ఐదు రేకుల లేత గులాబి పూలు, నడుమ కుచ్చువలె కేసరములు, పక్కనే ఎర్రని ముళ్ళకాయలు. మాలో ఒకరు ఆముదమన్నారు, మరొకరు ఉమ్మెత్త జాతి అన్నారు. ఆ రెండింటి గింజలును విషములే గనుక ముట్టుటకు వెనుకాడినాము.

తోట ఊడ్చుచున్న అవ్వ ఒక ఎండుకాయ విప్పి గింజలను అరచేతిలో నలిపినది. చేయి కుంకుమ పూసినట్లయినది. "జాఫ్రా నాయనా. బట్టలు నేసేవాళ్ళు, మీకు తెలియదా?" అన్నది.

మాకు సిగ్గయినది. జాఫ్రా రంగు చీరలను మా సంఘము అమ్మియే యున్నది. అద్దాల బీరువాలో ఎండ పడిన మడతలమీద ఆ నారింజ వన్నె వెలిసి, రెండు చీరలు సగము ధరకు పోయినవి. అద్దకమువారిని నిందించినాము గాని, అది ఏ రంగని ముందుగా అడుగని తప్పు మాదే.

కనుక గుర్తులు వ్రాయుచున్నాము. ఆముదపు ఆకు చేతివ్రేళ్ళవలె చీలియుండును. జాఫ్రా ఆకు చీలిక లేక రావియాకువలె హృదయాకారముగా నుండును. ఉమ్మెత్త పువ్వు పొడవైన బాకావంటిది. జాఫ్రా పువ్వు విచ్చుకొన్న రేకులది. ఆముదపు కాయలో మూడు నున్నని మచ్చల గింజలుండును. జాఫ్రా కాయ రెండు చెక్కలుగా విచ్చును, లోపల ఎర్రని పూతగల చిన్న గింజలు చాలా ఉండును. గుర్తులన్నియు కలిసిన తరువాతనే గింజ ముట్టవలెను.

ఈ చెట్టు పుట్టిల్లు అమెరికా ఉష్ణదేశములు. గింజపైని పూతలోని రంగు నూనెలో కరగును. వెన్నకు, చీజుకు రంగు వేయుట కిదే వాడుదురు. అద్దకమునకు చాకలిసోడా కలిపిన నీటిలో రంగు దింపుదురు. సోడా ఎక్కువైన పట్టు చెడును గనుక కొద్దిగానే వేసి, గోరువెచ్చని నీటిలో చిలపలు ముంచవలెను. పిమ్మట నిమ్మ ఉప్పు నీటిలో జాడించిన వన్నె ఎరుపు తిరుగును. ఈ రంగు సబ్బుకు కొంత ఓర్చుకొనును గాని ఎండకు నిలువదు.

దీనికి పరీక్ష సులభము. అద్దిన చిలపలో సగము దళసరి అట్టతో కప్పి వారము దినములు ఎండలో ఉంచుడు. తరువాత రెండు సగములను పక్కపక్కన పెట్టి చూడుడు. భేదము కనబడిన ఆ రంగును పండుగనాడు కట్టి పెట్టెలో దాచుకొను చీరకు వాడవచ్చును. దినమును కట్టు చీరకు, కిటికీ తెరకు వాడరాదు.

కొనువారు నేడు చెట్టు రంగులను కోరి అడుగుచున్నారు. "చెట్టు రంగు" అన్న మాటతో సరిపుచ్చక, ఏ చెట్టో, దేనికి నిలుచునో, దేనికి నిలువదో అమ్మునప్పుడే చెప్పుదము. వెలిసిన చీరను మరల అద్దుకొనవచ్చును. పోయిన నమ్మకమును అద్దు తొట్టి మనకు లేదు.