దవాఖాన బిల్లుతో తీరని బాకీ

హైదరాబాద్‌లోని సైదాబాద్ గల్లీల్లో రంపం కింద వేలు తెగినా, వెల్డింగ్ నిప్పుకు కన్ను పోయినా, మాదన్నపేట మండీలో బస్తా కింద నడుం విరిగినా చివరికి వినిపించేది ఒకటే మాట: "సేట్ మంచోడు, దవాఖాన బిల్లు కట్టిండు." సేట్ మంచితనంతో చట్టానికి పని లేదు. పని చేస్తుండగా, ఆ పని వల్లే దెబ్బ తగిలిందా లేదా అన్నదే అది చూస్తుంది. తగిలితే పరిహారం కట్టాల్సింది యజమానే. తప్పు అతనిదేనని కూలీ నిరూపించనక్కర్లేదు.

1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలోని ఈ సూత్రం 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ కొనసాగుతోంది. రోజుకూలీ అయినా, చేతిలో నియామకపత్రం లేకపోయినా హక్కు ఉంటుంది.

లెక్క ఎంత?

2020 జనవరి నుంచి లెక్కలోకి తీసుకునే నెల జీతం గరిష్ఠంగా రూ.15,000. శాశ్వతంగా ఏ పనీ చేయలేని స్థితి వస్తే అందులో 60 శాతాన్ని వయసును బట్టి చట్టం ఇచ్చిన అంకెతో గుణిస్తారు. 30 ఏళ్లకు ఆ అంకె 207.98. అంటే రూ.18,71,820. ప్రాణమే పోతే 60కి బదులు 50 శాతం: రూ.15,59,850. చేతి బొటనవేలు పూర్తిగా పోతే సంపాదనలో 30 శాతం నష్టమని చట్టం పట్టికలోనే ఉంది. అదే వయసు, అదే జీతమైతే రూ.5,61,546 రావాలి. గల్లీలో రాజీ కుదిరే మొత్తాన్ని దీని పక్కన పెట్టి చూడండి.

పట్టికే చివరి మాట కాదు. ఒడిశాలోని జయపురంలో సినిమా హాలు అలంకరణ పనిలో పడిపోయిన వడ్రంగికి ఎడమ చేయి మోచేతి పైదాకా తీసేయాల్సి వచ్చింది. ఒక్క చేత్తో వడ్రంగం సాగదు కాబట్టి అది నూరు శాతం నష్టమేనని 1975 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. పరిహారం ప్రమాదం జరిగిన రోజు నుంచే బాకీ అని కూడా తేల్చింది. నెలలోగా కట్టకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ పడుతుంది. ఆలస్యానికి సరైన కారణం చూపకపోతే అసలులో సగం దాకా జరిమానా కూడా.

సంతకం పెట్టించుకుంటే?

పెద్దమనుషుల ముందు "ఇక నాకేమీ రావు" అని రాయించుకునే కాగితంతో హక్కు రద్దు కాదు. రాజీ కుదిరితే దాన్ని పరిహార కేసులు చూసే అధికారి దగ్గర నమోదు చేయించాలి. మరణించిన కేసుల్లో డబ్బు ఆ అధికారి దగ్గరే జమ కావాలి. మూడు నెలల జీతానికి మించి ఇంటివాళ్ల చేతికిచ్చింది పరిహారం కింద లెక్కకు రాదు. తన వ్యాపారంలో భాగమైన పనిని మేస్త్రీకి అప్పగించానని చెప్పి యజమాని బాధ్యత నుంచి తప్పించుకోలేడు.

ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) ఉన్నవాళ్ల దారి వేరు. పది మంది లేదా అంతకు మించి పనిచేసే చోట, నెలకు రూ.21,000 దాకా జీతం ఉన్నవారికి వైద్యం ఈఎస్‌ఐదే. కోలుకునేదాకా జీతంలో దాదాపు 90 శాతం వస్తుంది. వాళ్లు యజమానిని మళ్లీ పరిహారం అడగలేరు.

మొదటి గంటలో

కేసు చాలాసార్లు దవాఖానలోనే ఓడిపోతుంది. "ఇంట్లో జారిపడ్డానని చెప్పు" అన్న సలహాకు తలూపితే ఆ మాటే రికార్డుకెక్కుతుంది. ఎక్కడ, ఏ పనిలో, ఏ మిషన్ మీద దెబ్బ తగిలిందో డాక్టరుతో రాయించుకోవాలి. ఎంఎల్‌సీ (మెడికో-లీగల్ కేసు) నకలు, జీతం పడిన ఫోన్‌పే మెసేజీలు, హాజరు అడిగిన వాట్సాప్ మాటలు, తోటి పనివాడి సాక్ష్యం అన్నీ పనికొస్తాయి. యజమానికి లిఖితపూర్వకంగా తెలిపి, రెండేళ్లలోగా దరఖాస్తు చేయాలి. కూలీ తానుండే ప్రాంతంలోనూ వేయొచ్చు కాబట్టి సైదాబాద్‌లో దెబ్బతిని పాలమూరు వెళ్లిపోయినవాళ్లు పదే పదే పట్నం రానక్కర్లేదు.

పద్దెనిమిది లక్షలంటే చిన్న సేట్ కూడా మునిగిపోతాడు. అందుకే పనివాళ్ల పరిహార బీమా ముందే తీసుకోవాలి. ప్రమాదం జరిగితే పరిహారం బీమా కంపెనీ భరిస్తుంది. కట్టకుండా తిప్పించుకున్నందుకు పడే జరిమానా మాత్రం యజమాని జేబులోంచే పోవాలి.