తిరిగిచ్చేద్దామనుకున్నా దొంగతనమే

వాహన దొంగతనం కేసులో తేలాల్సింది ముఖ్యంగా రెండు: బండి ఎవరి స్వాధీనంలో ఉందో వాళ్లు ఒప్పుకోకుండా అది కదిలిందా, కదిలించినవాడి మనసులో కపటం ఉందా. మొదటిది సాక్షులు చెబుతారు. చిక్కంతా రెండోదానితోనే. అమెరికాలో ఆ కపటం అంటే ఏమిటో జడ్జి జ్యూరీకి వివరించి చెబుతాడు. మన దేశంలోనూ 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ కింద జ్యూరీ ఉన్నచోట జడ్జి ఆ పని చేసేవాడు. 1973 నాటి కోడ్ జ్యూరీకి చోటు ఇవ్వలేదు. ఇప్పుడు అనంతపురం కోర్టులో ఆ ప్రశ్న వేసుకుని, జవాబును తీర్పులో కారణాలతో రాయాల్సింది మేజిస్ట్రేటే.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్, అంతకుముందు శిక్షాస్మృతి 378వ సెక్షన్ చెప్పేది ఒకటే. ఒకరికి అన్యాయంగా లాభమో, ఇంకొకరికి అన్యాయంగా నష్టమో కలగాలన్న ఉద్దేశం ఉంటే అది కపటం. బండిని శాశ్వతంగా ఉంచేసుకోవాలన్న తలంపు అక్కర్లేదు. 1952లో శిక్షణలో ఉన్న వైమానిక దళ క్యాడెట్ కె.ఎన్. మెహ్రా మరొకడితో కలిసి జోధ్‌పూర్ నుంచి అనుమతి లేకుండా హార్వర్డ్ విమానం నడిపి పాకిస్తాన్‌లో దించాడు. దారి తప్పామన్న వాదన నిలవలేదు. కపటబుద్ధితో కొద్దికాలం దూరం చేసినా దొంగతనమేనని 1957లో కె.ఎన్. మెహ్రా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంగ్లండులో 1968 చట్టం శాశ్వతంగా దూరం చేసే ఉద్దేశం ఉండాలంటుంది. అందుకే అక్కడ అనుమతి లేకుండా బండి తీసుకెళ్లడాన్ని వేరే నేరంగా పెట్టారు.

తనదేననుకుని నిజాయితీగా ఇంకొకరి బైకు తీసుకెళ్లినవాడు దొంగ కాడు. పొరపాటు తెలిశాక కూడా ఉంచుకుంటే మాత్రం దుర్వినియోగం నేరం. సొంత బండి విషయంలోనూ దొంగ కావచ్చు: రిపేరు డబ్బు బాకీ ఉండి, అందుకు హామీగా మెకానిక్ న్యాయంగా ఆపుకున్న ట్రాక్టర్‌ను బాకీ ఎగ్గొట్టే ఉద్దేశంతో రాత్రికి రాత్రి తోలుకుపోతే అది దొంగతనమే.

మనసులోని మాటను కోర్టు చేతల్లోంచే చదువుతుంది. నంబరు ప్లేటు మార్చడం, ఛాసిస్ నంబరు అరగదీయడం, కాగితాలు లేకుండా అమ్మజూపడం అలాంటి చేతలు. దొంగసొత్తు కొద్దిరోజుల్లోనే దొరికితే, అది ఎలా వచ్చిందో చెప్పలేనివాడు దొంగో, తెలిసి కొన్నవాడో అని కోర్టు అనుకోవచ్చు.

వానలు తప్పి వేరుశనగ చేతికి రాని ఏడాది అనంతపురం జిల్లాలో కంతులు ఆగుతాయి, ఫైనాన్సువాళ్లు ట్రాక్టర్ పట్టుకుపోతారు. హైర్ పర్చేజ్ ఒప్పందం ఇచ్చిన హక్కుతో పట్టుకుపోతే అందులో కపటం లేదని, అది దొంగతనం కాదని 2001లో చరణ్‌జిత్ సింగ్ చడ్డా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఆ హక్కు గూండాలను పంపడానికి కాదు. 2007లో మరో కేసులో అదే కోర్టు ఆ పద్ధతిని గట్టిగా తప్పుపట్టింది. రైతులు ఒప్పందం నకలు అడిగి దగ్గర పెట్టుకోవాలి. కొట్టినా బెదిరించినా ఆ నేరాలపైనే విడిగా ఫిర్యాదు ఇవ్వాలి.