పాడెడి కొయ్య

భరతుని నాట్యశాస్త్రమున వాద్యములు తతము, అవనద్ధము, సుషిరము, ఘనము అని నాలుగు విధములుగా విభజింపబడినవి. తీగయు, చర్మమును, ఊదెడి రంధ్రమును లేక, తన గట్టిదనము చేతనే మ్రోగునది ఘనవాద్యము. మధ్య అమెరికాలోని గ్వాటెమాల దేశమునకు జాతీయ వాద్యమైన మారింబా యీ జాతికి చెందినది. వరుసగా పేర్చిన కొయ్యపలకలను, మెత్తని తలగల కోలలతో కొట్టి దీనిని వాయింతురు.

కోల తగిలినంతనే పలక విల్లువలె వంగి, మరల నిటారై, రెండవ ప్రక్కకు వంగును. ఈ కంపనము సెకనుకు 440 మారులు జరిగిన నొక స్వరమును, 880 మారులు జరిగిన దాని పైస్థాయి స్వరమును పుట్టును. తీగ పొడవును సగము చేసిన కంపనములు రెండింతలగును. పలక తీరు వేరు. ఒకే మందముగల పలకను సగము చేసిన కంపనములు నాలుగింతలగును. కావున పైస్థాయి స్వరము కావలెనన్న, 100 భాగముల పొడవును సుమారు 71 భాగములకు తగ్గించిన చాలును.

పలక యంతయు కదలునా? కదలదు. 30 సెంటీమీటర్ల పలకలో, ప్రతి కొననుండి సుమారు 6.7 సెంటీమీటర్ల దూరమున నొక నిశ్చలస్థానము కలదు. పలకపై సన్నని యిసుక చల్లి, నడుమ మెల్లగా తట్టుచున్నచో, రేణువులు ఆ రెండు తావులకు చేరి గీతలుగా నిలుచును. పలకను మోయు త్రాడును అచ్చటనే గ్రుచ్చవలెను. వేరొకచోట పట్టిన నాదము అణగిపోవును.

పలక ఒక్క స్వరమునే పలుకదు. మూలస్వరమునకు సుమారు 2.76 రెట్ల కంపనములుగల మరియొక ధ్వనియు వెలువడును. ఈ రెంటికిని పొత్తు కుదరదు. అందుచే శిల్పి పలక అడుగున నడుమభాగమును తొలిచి, రెండవ ధ్వనిని మూలస్వరమునకు సరిగా నాలుగు రెట్లుగా నమర్చును. అది రెండు స్థాయిల పైనున్న అదే స్వరమగుటచే చెవికి ఇంపగును. మెత్తని కోల పలకపై ఒకింత యెక్కువసేపు నిలుచును గనుక, మిక్కిలి హెచ్చు ధ్వనులను లేవనీయదు.

ప్రతి పలక క్రిందను అడుగు మూసిన గొట్టము వ్రేలాడుచుండును. 440 కంపనముల స్వరమునకు గాలిలో తరంగదైర్ఘ్యము సుమారు 78 సెంటీమీటర్లు. అందు నాలుగవ వంతు, అనగా 19 సెంటీమీటర్లకు పైచిలుకు పొడవుగల గొట్టములోని గాలి ఆ స్వరమునకు అనునాదము చేయును. గొట్టము శక్తిని సృష్టింపదు. పలకలోని శక్తిని త్వరగా గాలికి అందించును. అందువలన ధ్వని పెద్దదగును గాని, శీఘ్రముగా నశించును.

శిల్పికి మిక్కిలి జాగరూకత అవసరము. నడుమ చెక్కిన స్వరము దిగును. కొనలు తగ్గించిన హెచ్చును. కాని తీసిన కొయ్యను మరల నతికింప వీలుకాదు. కచేరీ మారింబాలకు శ్రేష్ఠమని పేరొందిన హోండూరాస్ రోజ్‌వుడ్ మన జిట్టేగికి జ్ఞాతి. ఆ చెట్టు మెల్లగా పెరుగును. అది అరుదగుచున్నందున 2013 నుండి దాని అంతర్జాతీయ వ్యాపారము కట్టుబాట్లకు లోనైనది. ఒక్క పలక చెడినను, ఆ వృక్షము పెక్కేండ్లు కూర్చిన కొయ్య వ్యర్థమగును. అందుచేతనే నేర్పరియైన శిల్పి, ఒక్కొక్క చెక్కుడునకు ముందు పలకను తట్టి, చెవియొగ్గి వినును.