మిగులు నిధులు, స్థానికత, సాగునీరు: ప్రాంతీయ వాదాల్లో వాస్తవ వివాద స్వరూపం

ఉపోద్ఘాతం:

రాజకీయ ధ్రువీకరణ అనగానే అభిప్రాయభేదాలు తీవ్రం కావడమే సాధారణంగా స్ఫురిస్తుంది. ఏమి చేయాలన్న విషయంలో కాక, ఏమి జరిగిందన్న విషయంలోనే ఇరుపక్షాలకూ పొత్తు కుదరకపోవడం అంతకన్న లోతైన స్థితి. హన్నా ఆరెంట్ 1967లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో హేతుగతమైన సత్యాన్నీ వాస్తవగతమైన సత్యాన్నీ వేరుచేసి, రెండవదే అధికారం ముందు ఎక్కువ దుర్బలమైనదని వాదించింది. ఆమె ప్రధానంగా చర్చించినది బుద్ధిపూర్వకమైన అసత్యాన్ని. తెలంగాణ, ఆంధ్ర ప్రాంతాల మధ్య దశాబ్దాలు సాగిన వాదంలో మాత్రం అసత్యం కన్న లెక్కకట్టే పద్ధతిదే పెద్ద పాత్ర.

మిగులు ఎంత?

1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందం ప్రకారం కేంద్ర, సాధారణ పరిపాలన వ్యయాన్ని రెండు ప్రాంతాలూ దామాషాగా భరించాలి. తెలంగాణ ఆదాయంలో మిగిలినది ఆ ప్రాంతాభివృద్ధికే వెచ్చించాలి. ఉమ్మడి ఖర్చును ఏ దామాషాలో పంచాలి, ఏ రాబడిని తెలంగాణ ఖాతాలో చూపాలి అన్న ప్రశ్నలు తేలనిదే మిగులు తేలదు. 1969 ఉద్యమకాలంలో కుమార్ లలిత్ కమిటీ ఈ మిగులును సుమారు 34 కోట్ల రూపాయలుగా తేల్చగా, అదే ఏడాది ఏర్పడిన జస్టిస్ భార్గవ కమిటీ సుమారు 28 కోట్లుగా నిర్ణయించింది. ఉద్యమకారుల అంచనా ఈ రెంటికన్న చాలా ఎక్కువ. ఒకే ఖజానా, ఒకే కాలం; మొత్తాలు మాత్రం వేరు.

ఎవరు స్థానికులు?

ముల్కీ నిబంధనల కింద స్థానికతకు 15 ఏళ్ల నివాసం ప్రమాణం. సుప్రీంకోర్టు 1972లో వాటిని సమర్థించడం జై ఆంధ్ర ఉద్యమానికి దారితీసింది. ఆరు సూత్రాల పథకం, దాని వెనుక వచ్చిన 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు ఆ ప్రమాణాన్ని మార్చి, ప్రధానంగా చదువుకున్న చోటును ఆధారం చేశాయి. జయభారత్ రెడ్డి అధ్యక్షతన ఏర్పడిన అధికారుల కమిటీ 58,962 మంది నియామకాలు ఉత్తర్వులకు విరుద్ధమని గుర్తించింది. ఫలితంగా 1985 డిసెంబరు 30న జీవో 610 వెలువడింది. సచివాలయం, శాఖాధిపతుల కార్యాలయాలు అసలు ఆ ఉత్తర్వుల పరిధిలోనే లేవు. అక్కడి ఉద్యోగాల్లో తమ వాటా ఏదని ఒక పక్షం అడిగితే, అక్కడ ఉల్లంఘన అన్న మాటకే తావులేదని మరో పక్షం బదులిచ్చింది. ఉద్యోగార్థికి ఇది నిర్వచన చర్చ కాదు, జీవిక.

శ్రీకృష్ణ కమిటీ అనుభవం:

2010 ఫిబ్రవరిలో నియమితమై, డిసెంబరు 30న నివేదిక సమర్పించిన ఈ కమిటీ వివాదాన్ని గణాంకాలతో పరిష్కరించవచ్చన్న ఆశకు పరాకాష్ఠ. హైదరాబాదును కలిపితే తెలంగాణ సగటు ఒకటి, తీసివేస్తే మరొకటి. సాగువిస్తీర్ణం పెరిగిందన్నది నిజమే. ఆ పెరుగుదలలో అధికభాగం బావులది. రైతు సొంత డబ్బుతో తవ్వుకున్న బావిని ప్రభుత్వ న్యాయానికి నిదర్శనంగా ఎలా చూపుతారని తెలంగాణవాదులు ప్రశ్నించారు. రాయలసీమ వెనుకబాటుతనాన్ని నివేదిక గుర్తించినా, ఇరుపక్షాల పోరులో ఆ అంశానికి దక్కిన చోటు స్వల్పం. ఇరువర్గాలూ ఆ ఒక్క నివేదిక నుండే తమకు అనుకూలమైన పట్టికలను ఉదహరించాయి.

డాన్ కహాన్, ఆయన సహచరుల ప్రయోగాలు ఇక్కడ ప్రస్తావనార్హం. వివాదాస్పద రాజకీయాంశాలపై అంకెల నేర్పు గలవారిలో విభేదం తగ్గకపోగా పెరిగినట్లు అవి చూపాయి. తరువాతి పరిశోధనల్లో ఈ ఫలితం అన్నిచోట్లా అంత బలంగా నిలవలేదు. అయినా గణాంక పరిజ్ఞానమే విరుగుడన్న నమ్మకాన్ని అది ప్రశ్నార్థకం చేసింది.

విభజన అనంతరం:

2014 తరువాత అంకెపై తగవు లేని చోటా తగవు మిగిలింది. ఉమ్మడి రాష్ట్రానికి బచావత్ ట్రిబ్యునల్ కేటాయింపు 811 టీఎంసీల కృష్ణా జలాలు. 2015లో కుదిరిన ఏర్పాటులో ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299. ఈ అంకెలను ఇరు రాష్ట్రాలూ కాదనవు. అవి ప్రాజెక్టులవారీ కేటాయింపుల నుండి సహజంగా వచ్చినవని ఒకరు, ఆ ఏడాదికే పరిమితమైన తాత్కాలిక సర్దుబాటని మరొకరు అంటారు. 2023 అక్టోబరులో కేంద్రం జారీచేసిన కొత్త విచారణాంశాలతో ఆ ప్రశ్న బ్రిజేష్‌కుమార్ ట్రిబ్యునల్ ముందుకు చేరింది.