పిల్లల పొట్టలో గడ్డ తగిలిందా? విల్మ్స్ ట్యూమర్ గురించి తెలుసుకోండి

మీ మూడేళ్ల పాపకు స్నానం చేయిస్తుంటే పొట్టలో ఒక పక్క గట్టిగా చేతికి తగిలింది. పాప బాగానే తింటోంది, ఆడుతోంది, నొప్పి అనడం లేదు. మన ఇళ్లలో ఇలాంటప్పుడు మొదట వినిపించే మాట ‘నులిపురుగులేమో’. మందు వేసి నెల రోజులు చూస్తారు. ఆ నెల రోజులే ఖరీదైనవి.

చిన్నపిల్లల్లో వచ్చే కిడ్నీ క్యాన్సర్లలో ఎక్కువ భాగం విల్మ్స్ ట్యూమరే. 1899లో దీని గురించి వివరంగా రాసిన జర్మన్ సర్జన్ మ్యాక్స్ విల్మ్స్ పేరు దీనికి స్థిరపడింది. ఎక్కువగా ఐదేళ్లలోపే బయటపడుతుంది. కడుపులో ఉన్నప్పుడు కిడ్నీగా మారాల్సిన కొన్ని కణాలు అలాగే మిగిలిపోయి, తర్వాత అదుపు తప్పి పెరగడం దీనికి మూలం. తల్లి ఏం తిన్నదో, ఏ పని చేసిందో అని ఆరా తీసి ఆమెను నిందించడంలో అర్థం లేదు.

ఏం గమనించాలి?

చాలామందిలో నొప్పి లేని గడ్డే మొదటి గుర్తు. కొందరికి మూత్రంలో రక్తం, జ్వరం, కడుపునొప్పి ఉంటాయి. బీపీ కూడా పెరగొచ్చు. పసిపిల్లలకు బీపీ చూడాలన్న ఆలోచనే చాలామందికి రాదు కాబట్టి, చూడమని మీరే డాక్టర్‌ను అడగండి.

గడ్డ తగిలాక ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరూ నొక్కి చూడకూడదు. అది లోపల పగిలితే క్యాన్సర్ కణాలు పొట్టంతా చిమ్ముతాయి, చికిత్స బరువవుతుంది. వెంటనే అల్ట్రాసౌండ్ చేయించండి. ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు, ఆ సంగతి స్కాన్‌లోనే తేలాలి. అనుమానం ఉంటే పొట్టతో పాటు ఛాతీకీ సీటీ స్కాన్ రాస్తారు. ఈ జబ్బు పాకితే ఎక్కువగా ఊపిరితిత్తులకే చేరుతుంది.

నయమవుతుందా?

అవుతుంది. సంపన్న దేశాల్లో ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో నూటికి 90 మంది వరకు బతుకుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో మొదలుపెట్టిన బాలల క్యాన్సర్ కార్యక్రమంలో ముందుగా దృష్టి పెట్టిన ఆరు రకాల్లో ఇదొకటి.

ఒక డాక్టర్ ముందు కీమో అని, మరొకరు ముందు ఆపరేషన్ అని చెప్పారని కంగారు పడకండి. యూరప్ పద్ధతిలో ముందు మందులతో గడ్డను కుదించి తర్వాత తీస్తారు, అమెరికా పద్ధతిలో చాలావరకు ముందే తీసేస్తారు. ఫలితాలు దాదాపు ఒకటే. సాధారణంగా జబ్బున్న కిడ్నీని తీసేస్తారు. మిగిలిన ఒక్క కిడ్నీతో బిడ్డ మామూలుగా పెరగగలదు, కాకపోతే బీపీ, కిడ్నీ పరీక్షలు క్రమంగా చేయించుకోవాలి.

అసలు చిక్కు ఆపరేషన్ తర్వాత వస్తుంది. గడ్డ పోయింది, బిడ్డ పరుగెత్తుతోంది, ఇంకా సూదులెందుకని కొందరు ఊరికి వెళ్లిపోతారు. కంటికి కనిపించని కణాలను చంపేది ఆ మిగిలిన కీమోనే. కోర్సు మధ్యలో ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది.

ఎక్కడికి వెళ్లాలి?

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి గుర్తుంచుకోండి. ఖర్చు సంగతికి వస్తే, తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో రూ.10 లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ ఉంది. మీకు అర్హత ఉందో లేదో 104కు ఫోన్ చేసి లేదా ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి. చికిత్స కోసం రైల్లో తిరిగే క్యాన్సర్ రోగులకు, వెంట వెళ్లే ఒకరికి టికెట్‌లో రాయితీ ఉంది. దానికి కావాల్సిన ఫారాన్ని డాక్టర్‌తో నింపించుకోండి.

కీమో నడుస్తున్న రోజుల్లో బిడ్డకు జ్వరం వస్తే సిరప్ పోసి తెల్లారేదాకా ఆగకండి. ఆ సమయంలో తెల్ల రక్తకణాలు తగ్గి ఉంటాయి, ఇన్ఫెక్షన్ గంటల్లో ముదురుతుంది. అర్ధరాత్రి అయినా సరే, ఫైలు పట్టుకుని దగ్గర్లోని పెద్దాసుపత్రికి వెళ్లండి.