సైకిలెక్కి సముద్రపు ఒడ్డున

మా అమ్మాయి అశోక్ నగర్ నుంచి లోయర్ ట్యాంక్ బండ్ దాకా సైకిలు మీద వెళ్తేనే, అది తిరిగొచ్చేదాకా నేను గుమ్మంలో నిలబడేదాన్ని. అలాంటిది, స్నేహితురాళ్లతో కలిసి భీమిలి నుంచి కాకినాడ దాకా, సుమారు 180 కిలోమీటర్లు, సైకిళ్ల మీద పోతాం, దారిలో గుడారం వేసుకుంటాం అంది. గుండె గుభేలుమంది. అయినా వద్దనేముందు నాలుగు సంగతులు తెలుసుకున్నాను.

మొదటిది, కాలం. అక్టోబరు, నవంబరుల్లో మన కోస్తాకు తుఫాను భయం. మే నెలలో దానికి ఎండ కూడా తోడు. జనవరి, ఫిబ్రవరి నయం. అప్పుడు ఈశాన్యపు గాలి వీస్తే, కాకినాడ వైపు తొక్కేవాళ్లను వెనకనుంచి తోస్తుంది. ఎదురుదిక్కున తొక్కితే అదే గాలి ఆయాసం.

రెండోది, పోటు. సముద్రం రోజుకు రెండుసార్లు పోటెత్తుతుంది. అలలు తెచ్చిపడేసిన నాచు, పుల్లల వరస చూసుకుని, దానికి బాగా పైన, జాలరులను అడిగి గుడారం వేయాలి. ఉప్పాడ దగ్గర కడలి ఒడ్డును కోసేస్తోంది; అక్కడ ఒడ్డున పడుకోనే కూడదు.

మూడోది, ఉప్పుగాలి. గొలుసు తుప్పు పడుతుంది. రోజూ రాత్రి తుడిచి నూనె వేయాలి.

అమావాస్యకూ పున్నమికీ పోటు ఎక్కువ, అష్టమి దాటాక తక్కువ. అందుకే పంచాంగం చూసి అష్టమినాడే బయల్దేరమన్నాను. "అష్టమినాడు ప్రయాణమేమిటే?" అన్నారు మా అత్తగారు. "సముద్రుడు పెట్టిన ముహూర్తం అత్తయ్యా!" అన్నాను.

నాలుగోరోజు సాయంత్రం కాకినాడ నుంచి ఫోనొచ్చాకే గుమ్మం వదిలి లోపలికొచ్చాననుకోండి.