మగ్గపుటింటి దగ్గు

నేతగానికి దగ్గు వింత కాదని మనవారి నమ్మకము. నూలు దుమ్ము గొంతులో పడినదని శొంఠి కషాయము త్రాగి మరల గుంటలో దిగుదురు. దుమ్ముకు దగ్గు వచ్చుట నిజమే. కాని రెండు వారములైనను తగ్గని దగ్గును దుమ్ము మీదికి నెట్టరాదు. సాయంకాలపు జ్వరము, రాత్రి చెమటలు, కళ్లెలో నెత్తురు కానవచ్చినచో అంతవరకు కూడ ఆగరాదు. ప్రభుత్వ ఆసుపత్రిలో కళ్లె పరీక్ష ఉచితము.

క్షయ ఒక క్రిమి వలన వచ్చును. ఊపిరితిత్తుల క్షయ ఉన్నవారు దగ్గినపుడు ఆ క్రిములు గాలిలో కలిసి, పీల్చినవారిని చేరును. మన ఇండ్లలో చిక్కు ఇక్కడనే ఉన్నది. ఎండగాలికి పడుగు ఆరి పోగులు తెగునని కిటికీలు మూసి నేయుదుము. ఆ గదిలోనే ముసలివారు కండెలు చుట్టుదురు, పసిపిల్లలు నిద్రపోవుదురు. మగ్గము ఆపిన వేళనైనా కిటికీలు తెరచి ఉంచవలెను. రోగి దగ్గునపుడు నోటికి గుడ్డ అడ్డము పెట్టుకొనవలెను.

నేసిన బట్ట వలన, నూలు వలన, కంచము వలన ఈ రోగము అంటదు. ఇది తెలియకనే మా సంఘము ఒకప్పుడు తప్పు చేసినది. ఒక సభ్యుని ఇంట క్షయ అని విని మూడు నెలలు నూలు ఇచ్చుట ఆపితిమి. కూలి లేక ఆయన మందులకు పోవుట కూడ మానెను. అటుపిమ్మట మరి ఇద్దరు తమ దగ్గు దాచుకొనిరి. దాచుట మేము నేర్పినదే.

రోగిని వెలివేయనక్కరలేదని చెన్నపట్నములోనే ఋజువైనది. 1956లో అక్కడ నెలకొల్పిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రమువారు పేద రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు శానిటోరియములోను, రెండవదానికి ఇంటివద్దను అవే మందులు ఇచ్చిరి. ఫలితములు 1959లో వెలువడెను. ఇరుకిండ్లలో, చాలీచాలని తిండితో ఉన్నవారికిని ఇంచుమించు అంతే గుణమిచ్చెను. ఇంటిలోనివారికి అందువలన ప్రమాదము హెచ్చలేదు.

నేడు మామూలు క్షయకు ఆరు నెలల మందు: మొదటి రెండు నెలలు నాలుగు రకములు, పిమ్మట నాలుగు నెలలు మూడు రకములు. మూత్రము నారింజ రంగుకు తిరిగినచో భయపడవద్దు, అది మందు రంగే. కండ్లు పచ్చబడినచో మాత్రము నాడే డాక్టరుకు చూపవలెను. నెల రెండు నెలలలో దగ్గు తగ్గి ఆకలి పుట్టును. మనవారు మాత్రలు మానునది సరిగా అప్పుడే. మిగిలిన క్రిములు మందుకు లొంగనివై, మరల చికిత్స చాల కష్టమగును.

తిండి ఖర్చుకు ప్రభుత్వము 2018 నుండి రోగి బ్యాంకు ఖాతాలో నెలకు 500 రూపాయలు వేసెను. 2024 నవంబరు నుండి అది 1000 రూపాయలైనది. పేరు వ్రాయించునపుడే అడిగి తెలిసికొనవలెను.

మా సంఘములో ఇప్పుడు చికిత్సలో ఉన్నవారికి నూలు ఆపుట లేదు. పడుగు సగములో ఉన్నను ఆసుపత్రి నాడు ఆసుపత్రికి పోవలెను. ఆ చీర గడువు మేము చూచుకొందుము.